పాత కారు బంపరు: అసలుదా, తర్వాత వేసినదా?



సావనీరులో ఈసారి చదువు గురించో, జకాత్ లెక్కల గురించో కాకుండా పాత కారు బంపరు గురించి రాస్తున్నామంటే మీకు వింతగా ఉండవచ్చు. ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు చెబుతాం.

ఆ మధ్య ఒక కుటుంబం వారు తమ ఇంటి పెద్దాయన పేరున మన విద్యార్థుల ఫీజుల నిధికి ఒక ఫియట్ 1100 కారు ఇచ్చారు. 1967 మోడల్. పాత బళ్ల మీద ఇష్టం ఉన్నవారికి దాన్ని అమ్మి, వచ్చిన సొమ్ముతో పిల్లల ఫీజులు కట్టాలన్నది వారి కోరిక. అమ్మకానికి ఒక కాగితం తయారుచేసే పని మా మీద పడింది. బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లం, కార్ల గురించి మాకేం తెలుసు? ఇంటివారు చెప్పినట్టే ‘బాడీ, బంపర్లు, లోపలి సామాను అన్నీ ఒరిజినల్’ అని రాశాం. రాసిన కాగితాన్ని విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు టింకరింగ్ చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక చాచాకు చూపించాం.

ఆయన చదవనైనా చదవలేదు. “మాస్టారూ, కాగితం తర్వాత. ముందు బండి చూద్దాం” అన్నారు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ముక్క ఒకటి జేబులో వేసుకొచ్చారు. ముందు బంపరుకు అంటిస్తే టప్పున పట్టుకుంది. వెనక బంపరుకు అంటిస్తే జారి కింద పడింది. “ముందుది బండితో పుట్టింది. వెనకది తర్వాత వచ్చింది” అన్నారు.

ఆ రోజు చాచా దగ్గర నేర్చుకున్నది, ఆ తర్వాత చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ పెడుతున్నాం. మీలో కొందరి ఇళ్లలో పాత అంబాసిడరో, పద్మినియో ఉండవచ్చు. కొందరు అలాంటివి కొనవచ్చు, మరికొందరు రేపు సంఘానికి ఇవ్వవచ్చు. బండి గురించి చెప్పే మాట నిజమై ఉండాలంటే ఈ మాత్రం తెలిసి ఉండడం మంచిది.

బంపరు ఎప్పటిది?

అసలు ఆ బండికి బంపరు ఉండాలా అన్నది మొదటి ప్రశ్న. తొలినాటి కార్లకు బంపర్లు లేవు. 1897లో ఇప్పటి చెక్ దేశంలో తయారైన ప్రెసిడెంట్ అనే కారుకు బంపరు పెట్టారని చరిత్రకారులు చెబుతారు గాని, అది అందరికీ అలవాటు కావడానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది. 1920లలో కూడా చాలా బళ్లకు బంపరు విడిగా డబ్బిచ్చి కొనుక్కునే సామానే. ఫోర్డ్ మోడల్ టీ కొన్నవారు కావాలంటే బయట కొని బిగించుకునేవారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చూసినవారికి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఆ కాలపు బండికి ఎవరైనా తళతళలాడే బంపరు తగిలిస్తే దానికి గౌరవం పెరగదు, తగ్గుతుంది.

ఆ మెరుపుకూ ఒక కాలం ఉంది. క్రోమియం పూత కార్ల మీదకు 1920ల చివర్లో వచ్చింది. అంతకు ముందు మెరిసే భాగాలన్నీ నికెల్ పూతవే. నికెల్‌లో కొంచెం పసుపు ఛాయ ఉంటుంది, క్రోమ్‌లో కొంచెం నీలి ఛాయ ఉంటుంది. 1922 నాటి బండి మీద నీలంగా మెరిసే భాగం కనబడితే అది తర్వాత పూసినదని అక్కడికక్కడే చెప్పవచ్చు.

యుద్ధాలు కూడా ఈ పూత మీద గుర్తులు వదిలాయి. కొరియా యుద్ధం రోజుల్లో, 1951 నుంచి 1953 దాకా, అమెరికాలో నికెల్‌ను సైన్యం అవసరాలకు మళ్లించారు. కార్ల కంపెనీలు రాగి మీద నేరుగా పల్చటి క్రోమ్ వేసి, పైన వార్నిష్ లాంటి పూత పూసి సరిపెట్టుకున్నాయి. ఆ బళ్లకు తుప్పు తొందరగా పట్టింది. ఇవాళ ఎవరైనా 1952 అమెరికన్ బండిని అద్దంలా మెరిపించి చూపిస్తే, అది అందంగానే ఉంటుంది గాని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాడు అలా లేదు.

‘ఒరిజినల్’ అన్న మాటకు ఎన్ని అర్థాలు?

మా పొరపాటు అంతా ఈ ఒక్క మాట దగ్గరే జరిగింది. బజారులో ఒరిజినల్ అనే మాట అయిదు రకాల వస్తువులకు వాడుతున్నారు.

మొదటిది, ఆ బండికి ఫ్యాక్టరీలో బిగించిన బంపరే ఇప్పటికీ ఉండడం. రెండోది, అదే కంపెనీ అదే మోడల్‌కు చేసినదే గాని, వేరే బండి నుంచి తీసి తగిలించినది. మూడోది, ఆ కాలంలో కంపెనీ తయారుచేసి అమ్ముడుపోక గోడౌనులో మిగిలిపోయిన వాడని పాత స్టాకు. నాలుగోది, కంపెనీ అనుమతితో, కొన్నిసార్లు పాత అచ్చులతోనే, ఈ మధ్య కొత్తగా చేసినది. ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత ఎంజీ కార్ల బాడీలను ఇలా పాత అచ్చులతోనే చేస్తోంది. అయిదోది, ఎవరో చూసి చేసిన నకలు.

వీటిలో ఏదీ తప్పు కాదు. బండి నడవాలంటే, అందంగా ఉండాలంటే నకలు కూడా పనికొస్తుంది. అయిదో రకాన్ని మొదటి రకమని చెప్పి అమ్మడమే తప్పు. పాత బళ్లు సేకరించేవారి అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966 నుంచి పనిచేస్తోంది. దాని ట్యూరిన్ చార్టర్ చెప్పేదీ ఇదే: బండిలో ఏం మార్చారో రాసి ఉంచాలి, కొత్తగా వేసినది కొత్తదని తెలిసేలా ఉండాలి.

పుట్టుపూర్వోత్తరాలు

బంపరును ముట్టుకునే ముందు కాగితాలు చూడాలి. ఆర్‌సీ పుస్తకంలోని ఛాసిస్ నంబరు, బండి మీద ప్లేటులో ఉన్న నంబరు ఒకటేనా? ఆ నంబరును బట్టి ఏ ఏడాది బండి? ఆ ఏడాది ఆ మోడల్‌కు ఏ బంపరు వచ్చేది? కంపెనీ వేసిన స్పేర్ పార్టుల పుస్తకం, ఆ నాటి ప్రకటనలు, ఓనరు చేతి పుస్తకం ఈ ప్రశ్నకు జవాబిస్తాయి.

మన దేశంలో ఈ పని కొంచెం చిక్కు. అంబాసిడర్ సంగతే చూడండి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన ఈ కారును హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా చేశారు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారినా మూల ఆకారం మారలేదు. ఒక దాని సామాను ఇంకొక దానికి తేలిగ్గా ఎక్కుతుంది. అందుకే 1960ల బండి మీద 1980ల సామాను కనబడడం మామూలు. ఫియట్ 1100 కూడా అంతే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు చేసిన ఈ కారు 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అనీ, తర్వాత ప్రీమియర్ పద్మిని అనీ పేరు మార్చుకుని పాతికేళ్లు నడిచింది. టాక్సీలుగా తిరిగిన బళ్లు తుక్కుకు పోతున్నప్పుడు వాటి సామాను ఎన్నో ఇళ్ల కార్లకు చేరింది.

కంపెనీ పుస్తకాలు దొరకని చోట మన ఇళ్లలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. పెళ్లి ఆల్బం. ఆ రోజుల్లో పెళ్లికొడుకును పూలతో అలంకరించిన కారు పక్కన నిలబెట్టి ఫోటో తీయని ఇల్లు లేదు. పండగ పూట పిల్లల్ని బానెట్ మీద కూర్చోబెట్టి తీసిన ఫోటోలూ ఉంటాయి. మొహాలను కాసేపు పక్కనపెట్టి బంపరును చూడండి. అంచు ఎక్కడ తిరిగింది, నిలువుగా ఉండే ఓవర్‌రైడర్లు ఎక్కడ ఉన్నాయి, నంబరు ప్లేటు పైన ఉందా కింద ఉందా అన్నీ తెలుస్తాయి.

అయస్కాంతం, కన్ను, చేయి

ఇక బంపరు దగ్గరకు వద్దాం. చాచా చూపించిన వరుసలోనే చెబుతాం.

మొదటిది అయస్కాంతం. ఆ కాలపు బంపర్లు మామూలు ఇనుప రేకును పెద్ద ప్రెస్సులో అచ్చు వేసి, దాని మీద నికెల్, క్రోమ్ పూసినవి. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. ఈ రోజుల్లో వచ్చే నకళ్లు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలువి. పాత బళ్ల కోసం వియత్నాంలో చేసే స్టెయిన్‌లెస్ బంపర్లు ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి. తుప్పు పట్టదు కాబట్టి కొంటున్నారు. మామూలుగా వాడే రకం స్టెయిన్‌లెస్ మీద అయస్కాంతం నిలవదు. గట్టిగా వంచిన మూలల దగ్గర మాత్రం కొద్దిగా లాగవచ్చు. అందుకే ఒక్క చోట పెట్టి తేల్చకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా పెట్టి చూడాలి. అయితే ఇనుముతోనే చేసిన నకలైతే అయస్కాంతం పట్టుకుంటుంది. కాబట్టి పట్టుకోకపోతే అసలుది కాదని చెప్పవచ్చు గాని, పట్టుకుంది కాబట్టి అసలుదే అనలేం.

రెండోది అయస్కాంతంతోనే ఇంకో పరీక్ష. అన్నిచోట్లా గట్టిగా పట్టుకుని ఒకచోట మాత్రం వదులుగా ఉంటే, అక్కడ కింద పుట్టీ ఉన్నట్టు. పుట్టీ మీద కరెంటు పారదు, కాబట్టి దాని మీద ప్లేటింగ్ పట్టదు. నిజమైన ప్లేటింగ్ వేయాలంటే గుంటలను రాగితోనో, ఇత్తడి వెల్డింగుతోనో నింపి అరగదీయాలి. పుట్టీ పెట్టి పైన మెరుస్తోందంటే అది క్రోమ్ రంగు స్ప్రే కొట్టినది. గోరుతో తట్టి చూస్తే శబ్దం మొద్దుగా వస్తుంది. మెరుపు కూడా లోతు లేకుండా పాలవెలుగులా ఉంటుంది.

మూడోది, వెనక్కి తిప్పి చూడడం. చాచా మాటల్లో, “ముందు వైపు షోకు, వెనక వైపు నిజం.” ఫ్యాక్టరీ వారు ఎవరికీ కనబడని వెనక వైపును బఫింగ్ చేయరు. రేకు సహజమైన గరుకుతనం, ప్రెస్ అచ్చు గీతలు అక్కడ అలాగే ఉంటాయి. చాలా బళ్లకు వెనక వైపు వెండి రంగు పూసేవారు. వెనక వైపున సుత్తి దెబ్బల గుంటలు వరుసగా కనబడితే అది చేత్తో కొట్టి చేసినదైనా కావచ్చు, ప్రమాదంలో వంగితే సరిచేసినదైనా కావచ్చు. గుంటలు ఒకే చోట ఉంటే మరమ్మతు, బంపరు పొడుగునా ఉంటే చేతి తయారీ. మూలల దగ్గర వెల్డింగ్ గీత కనబడితే మూడు ముక్కలు అతికి చేసినదని అర్థం. ఫ్యాక్టరీ వారు కూడా కొన్ని బళ్లకు ముక్కలుగానే చేసేవారు, కాని అవి బోల్టులతో కలుస్తాయి. కొన్ని కంపెనీలు ఇక్కడే పార్టు నంబరునో, తయారీదారు గుర్తునో అచ్చు వేసేవి. కనబడితే ఫోటో తీసి పెట్టుకోండి.

నాలుగోది బెజ్జాలు. ఫ్యాక్టరీ బెజ్జం ప్రెస్సులో పడుతుంది. అంచు శుభ్రంగా, గుండ్రంగా, లేదా కావాలనే చతురస్రంగా ఉంటుంది. డ్రిల్లు పెట్టి వేసిన బెజ్జానికి అంచున రజను, గీతలు ఉంటాయి. చోటు కుదరక కోలగా సాగదీసిన బెజ్జం కనబడితే ఆ బంపరు వేరే బండిది. వాడని బెజ్జాలు మిగిలిపోయినా అంతే. అయితే పొగమంచు లైట్లకో, గార్డుకో యజమానే తర్వాత వేయించిన బెజ్జాలు కూడా ఉంటాయి. అవి మార్పు కిందకే వస్తాయి గాని నకలుకు గుర్తు కాదు.

అయిదోది బోల్టులు. ఫియట్ ఇటలీ నుంచి వచ్చిన బండి, దాని బోల్టులు మిల్లీమీటర్ల లెక్క. అంబాసిడర్ ఇంగ్లండు నుంచి వచ్చింది, పాత వాటికి అంగుళాల స్పానర్లు కావాలి. అంబాసిడర్ బంపరు విప్పడానికి మిల్లీమీటరు స్పానరు సరిగ్గా సరిపోయిందంటే బోల్టు మారింది. బోల్టు మారినంత మాత్రాన బంపరు మారిందని కాదు, ఎవరో ఎప్పుడో విప్పారని మాత్రం తెలుస్తుంది.

ఆరోది ఓవర్‌రైడర్ల కింది నీడ. బంపరు మీద నిలువుగా నిలబడే ఆ రెండు ముక్కలను విప్పి చూడండి. ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటే దాని కింద ఎండ, వాన తగలని చోటు ఆ ఆకారంలోనే గుర్తుగా మిగులుతుంది. బ్రాకెట్టు ఆనుకున్న చోట కూడా అరుగుదల ఉంటుంది. బంపరు మీది గుర్తు, బండి మీది బ్రాకెట్టు ఒకదానికొకటి కలిస్తే అవి రెండూ చాలాకాలం కలిసి ఉన్నాయన్నమాట. కొత్తగా ప్లేటింగ్ చేయించిన బంపరు మీద ఈ గుర్తులు చెరిగిపోతాయి. అందుకే ప్లేటింగుకు పంపే ముందే చూసి ఫోటోలు తీసుకోవాలి.

చివరిది, బండికి బిగించినప్పుడు అది కూర్చునే తీరు. కుడి ఎడమ మడ్‌గార్డులకూ బంపరు చివరలకూ మధ్య సందు సమానంగా ఉండాలి. బంపరు వంపు బాడీ వంపుతో పాటు సాగాలి. నకళ్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. ముందు నుంచి చూస్తే బాగానే ఉంటుంది, పక్క నుంచి చూస్తే ఒక చివర బాడీని రాసుకుంటూ, ఇంకో చివర దూరంగా ఉంటుంది.

తప్పులా కనబడే ఒప్పులు, ఒప్పులా కనబడే తప్పులు

పరీక్షలన్నీ తెలిసినా బండి చరిత్ర తెలియకపోతే మోసపోతాం. బయటి దేశాల నుంచి మూడు ఉదాహరణలు చెబుతాం.

అమెరికా ప్రభుత్వం 1973 మోడళ్ల నుంచి ఒక నిబంధన పెట్టింది. గంటకు 5 మైళ్ల వేగంతో ముందు వైపు గుద్దుకున్నా లైట్లు మొదలైన ముఖ్య భాగాలు చెడకూడదు. వెనక వైపుకు మొదట రెండున్నర మైళ్లే పెట్టారు, మరుసటి ఏడాది దాన్నీ 5 చేశారు. అందువల్ల 1973 షెవర్లే కార్వెట్‌కు ముందు బాడీ రంగులో మెత్తటి ప్లాస్టిక్ మూతి, వెనక మాత్రం పాత పద్ధతి క్రోమ్ బంపర్లు వచ్చాయి. తెలియనివారు చూస్తే ఎవరో అతికించారనుకుంటారు. కాని ఆ ఒక్క ఏడాదికి అదే అసలు.

ఇంగ్లండు ఎంజీబీ దీనికి ఎదురు కథ. 1962 నుంచి క్రోమ్ బంపర్లతో వచ్చిన ఈ బండికి ఆ అమెరికా నిబంధనల వల్లే 1974లో నల్లటి రబ్బరు లాంటి పెద్ద బంపర్లు పెట్టారు. బండిని కూడా కొంచెం ఎత్తు చేశారు. చాలామందికి ఆ నల్ల బంపర్లు నచ్చక తీసేసి క్రోమ్‌వి వేయించుకున్నారు. 1977 ఎంజీబీ మీద క్రోమ్ బంపరు ఎంత అందంగా ఉన్నా, ఎంత నాణ్యమైనదైనా, ఆ బండికి అది అసలుది కాదు. బండి ఎత్తు చూస్తేనే సంగతి బయటపడుతుంది.

మూడోది వోక్స్‌వ్యాగన్ బీటిల్. 1967 మోడల్ దాకా దాని బంపరు గుండ్రటి అంచులతో ఉండేది. అమెరికాకు పంపే బళ్లకు మాత్రం దాని పైన ఇంకో కడ్డీ అదనంగా ఉండేది. 1968 మోడల్ నుంచి చదరంగా, దృఢంగా, కొంచెం ఎత్తులో ఉండే బంపరు వచ్చింది. పాతది అందమని 1970ల బండికి పాత బంపరు, అమెరికా బండిలా కనబడాలని యూరప్ బండికి కడ్డీల బంపరు తగిలించేవారు చాలామంది.

కాబట్టి ‘అందంగా ఉందా’, ‘పాతదా’ అన్న ప్రశ్నలు చాలవు. ఆ దేశానికి, ఆ ఏడాదికి, ఆ బండికి తగినదా అన్నదే ప్రశ్న.

మళ్లీ ప్లేటింగ్ చేయిస్తే అసలుతనం పోతుందా?

పోదు. ఇనుము అదే అయితే బంపరు అదే. కాని ‘మళ్లీ ప్లేటింగ్ చేయించినది’ అని చెప్పాలి. ఇక్కడ ప్లేటింగ్ ఎలా జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి.

పాత పూతను మందుల నీళ్లలో కరిగించి తీస్తారు. గుంటలు సరిచేసి, రాయితో అరగదీసి, రాగి పూత వేస్తారు. దాన్ని బఫింగ్ చేసి పైన నికెల్ వేస్తారు. చివరగా క్రోమ్. మనం క్రోమ్ బంపరు అంటాం గాని క్రోమ్ పొర మందం అర మైక్రాను కూడా ఉండదు. అంటే మన తల వెంట్రుక మందంలో నూరో వంతు కంటే తక్కువ. తుప్పు నుంచి అసలు కాపాడేది దాని కింద 20 నుంచి 30 మైక్రాన్ల దాకా ఉండే నికెల్. నికెల్ పల్చగా వేసి పైన క్రోమ్ మెరిపిస్తే మొదటి వానాకాలానికే గోధుమ రంగు చుక్కలు లేస్తాయి. చవక ప్లేటింగ్ అంటే ఇదే. బఫింగ్ అతిగా చేస్తే అచ్చులోని పదునైన అంచులు గుండ్రబడి, ఫ్యాక్టరీ గుర్తులు చెరిగిపోతాయి. పని తెలిసినవాడు అరగదీయడానికి జంకుతాడు.

ఇక్కడే దాతలు గమనించవలసిన ఇంకో మాట ఉంది. క్రోమ్ తొట్టిలో వాడేది హెక్సావలెంట్ క్రోమియం అనే రసాయనం. అది మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఆ తొట్టి నుంచి లేచే సన్నటి తుంపర ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు లోపలి గోడకు రంధ్రం పడుతుంది, చేతుల మీద మానని పుండ్లు లేస్తాయి. గాలి బయటకు లాగే ఫ్యాన్లు, చేతి తొడుగులు, మాస్కులు లేని చిన్న షెడ్లలో మన పిల్లలు పనిచేస్తున్నారు. బడి మానేసిన పిల్లవాడిని పనిలో పెట్టేటప్పుడు తల్లిదండ్రులు కూలి ఎంతో అడుగుతున్నారు గాని, షెడ్డులో ఫ్యాను ఉందా అని అడగడం లేదు. మెరిసే బంపరు ఎక్కడ చేయించారని అడిగే అలవాటు కార్ల యజమానులకు వస్తే ఆ పిల్లలకూ మేలు జరుగుతుంది.

ఆ ఫియట్ కథ ఏమైంది?

వెనక బంపరు సంగతి ఇంటివారికి చెప్పడానికి మాకు రెండు రోజులు పట్టింది. పోయినాయన పేరు మీద ఇచ్చిన దానం. అది అసలుది కాదంటే ఆయన అబద్ధం చెప్పాడన్నట్టు అవుతుందేమో అని భయం. చివరికి వెళ్లి చెప్పాం. కొడుకులకు కొంచెం కష్టం కలిగింది. “నాన్న ఆ బండిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు, మాస్టారూ” అన్నారు. ఆపా ఏమీ అనకుండా లోపలికి వెళ్లి పాత ఆల్బం తెచ్చారు. ఒక ఫోటోలో వెనక బంపరు మీద ఓవర్‌రైడర్లు ఉన్నాయి. నాలుగేళ్ల తర్వాతి ఫోటోలో లేవు. ఆమె కాసేపు చూసి, “నేను పురిటికి పుట్టింట్లో ఉన్నప్పుడు లారీ గుద్దిందని తర్వాత ఎవరో చెప్పారు. నేను కంగారు పడతానని ఆయన నాతో అనలేదు” అన్నారు. కళ్లు తుడుచుకుని, “ఉన్నది ఉన్నట్టు రాయండి” అన్నారు.

కమిటీలో మాత్రం అందరూ ఒకే మాట మీద లేరు. ‘అయస్కాంతం పెట్టి ఎవరు చూస్తారు? డబ్బు మనకు కాదు కదా, పిల్లల ఫీజులకే కదా’ అన్నవారు ఉన్నారు. ఆ మాటలో స్వార్థం లేదు, అందుకే జవాబు చెప్పడం మరీ కష్టమైంది. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి, పైన పొడిగా ఉండి లోపల తడిగా ఉన్న గింజలను బయటకు తీసి, తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని అడిగిన సంఘటన మనందరికీ తెలిసిందే. మా కుప్పలో తడి గింజలు వెనక బంపరులో ఉన్నాయి. వాటిని పైన పెట్టాలని తీర్మానించాం.

కొత్త కాగితంలో ఇలా రాశాం: ముందు బంపరు ఫ్యాక్టరీది, ఒకసారి ప్లేటింగ్ చేయించినది. వెనక బంపరు తర్వాత వేసిన స్టెయిన్‌లెస్ నకలు. పాత ఫోటో నకలు జతచేశాం. అది చదివి ఒకాయన వెనక్కి తగ్గారు. ఇంకొకాయన మేము అనుకున్నదానికన్నా తక్కువకు కొన్నారు. తగ్గిన మొత్తం ఒక పిల్లవాడి ఏడాది ఫీజుకు సమానం. ఆ లోటును కమిటీ సభ్యులమే తలా కొంత వేసుకుని పూడ్చాం. అల్హమ్దులిల్లాహ్, ఏ పిల్లవాడి చదువూ ఆగలేదు.

దాతలకు మా విన్నపాలు

ఇంట్లో పాత బండి ఉన్నవారు దాని ఆర్‌సీ పుస్తకం, బిల్లులు, పాత ఫోటోలు ఒక సంచిలో పెట్టి బండితోపాటే ఉంచండి. తీసేసిన పాత బంపరు వంగిపోయినా, తుప్పు పట్టినా తుక్కుకు వేయకండి. నిపుణుడి చేతిలో అది తిరిగి లేస్తుంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకు ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. వాటికి నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చిన బళ్లకు అది దొరకదు. కాబట్టి ఏ మార్పు అయినా చేయించే ముందు ఒకసారి ఆలోచించండి.

సంఘానికి వాహనం ఇచ్చేవారు ఏం మారిందో, తెలిసినంత వరకు, కాగితం మీద రాసి ఇవ్వండి. తెలియకపోతే తెలియదని రాయండి. అది మీ దానం విలువను తగ్గించదు.

చివరగా, చాచా లాంటివారి చేతిలో ఉన్న విద్య వారితోనే పోతోంది. ఆయనకు బడి చదువు అయిదో తరగతి దాకే. కాని రేకు వెనక వైపు చేయి పెట్టి దాని పుట్టుక చెప్పగలరు. టింకరింగ్, ప్లేటింగ్ నేర్చుకునే మన పిల్లలకు అలాంటి ఉస్తాదుల దగ్గర కొన్నాళ్లు కూర్చునే ఏర్పాటు, వారికి మాస్కులు, తొడుగులు, పనిచేసే చోట గాలి వెలుతురు కల్పించే ఏర్పాటు చేయాలని మా ఆలోచన. అందుకు మీ సహాయం కోరుతున్నాం.

మా దగ్గర చదువుకునే ఒక అబ్బాయి ఆ రోజు చాచా వెంట ఉన్నాడు. ఇప్పుడు వాడి జేబులోనూ ఒక అయస్కాంతం ముక్క ఉంటోంది. మసీదు బయట ఆగిన పాత బండి కనబడితే యజమాని అనుమతి అడిగి మరీ అంటించి చూస్తున్నాడట.

అల్లాహ్ మన దానాలను, మన మాటలను నిజాయితీతో కూడినవిగా స్వీకరించుగాక. ఆమీన్.